అద్దె, స్థలం అమ్మకం, జీతాలు: కొత్త పన్ను, కార్మిక చట్టాల తర్వాత చిన్న వ్యాపారులు, ఇళ్ల యజమానులు ఏమేం సర్దుకోవాలి

గత రెండేళ్లలో వచ్చిన మార్పులన్నీ ఒకచోట పెట్టుకుని చూస్తే వాటిలో చాలావరకు ఒకే దిక్కుకు వెళ్తున్నాయి. డబ్బు అందుకునేవాడి వెంట పడటం కంటే డబ్బు ఇచ్చేవాడిని పట్టుకోవడం ప్రభుత్వానికి సులువైంది. షాపు అద్దె మీద జీఎస్టీ అద్దెదారు కట్టాలి, ఇంటి అద్దె మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) అద్దెదారు కట్ చేయాలి, అమెరికాలో ఉన్నాయన ఫ్లాట్ కొంటే ఆయన పన్ను మీరు పట్టి కట్టాలి, పనివాడు మానేస్తే రెండు రోజుల్లో లెక్క తేల్చాల్సింది యజమానే. అందుకే "అది వాళ్ల పన్ను కదా, నాకేంటి" అనుకున్నవాళ్లకే ఎక్కువగా నోటీసులు వస్తున్నాయి. ఈ వ్యాసం వాళ్ల కోసమే, అంటే షాపు నడుపుకునేవాళ్లు, పదీ ఇరవై మందితో చిన్న యూనిట్ పెట్టుకున్నవాళ్లు, ఒకటో రెండో పోర్షన్లు అద్దెకిచ్చుకునే ఇంటి యజమానులు.

ముందు మూడు కాగితాలు దగ్గర పెట్టుకోండి: అద్దె అగ్రిమెంటు, జీతాల రిజిస్టరు, ఈమధ్య ఆస్తి కొన్నా అమ్మినా దాని దస్తావేజు. అవి చేతిలో ఉంటే కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా మీ సంగతి ఏమిటో మీకే తెలిసిపోతుంది.

1. చట్టం పేరు మారింది, సెక్షన్లు మారాయి

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అనే రెండు పేర్ల గందరగోళం పోయి "టాక్స్ ఇయర్" ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్లూ నోట్లో నానిన 194-ఐ, 194-ఐబీ, 194-ఐఏ లాంటి టీడీఎస్ సెక్షన్లన్నీ 393వ సెక్షన్‌లో పట్టికలుగా చేరాయి, జీతం మీద టీడీఎస్ 392కి వెళ్లింది. ఫారాల నంబర్లూ మారాయి కాబట్టి పోర్టల్‌లో పాత నంబరు కొట్టి వెతక్కుండా, అద్దె, ఆస్తి కొనుగోలు అన్న విషయాన్ని బట్టి ఎంచుకోండి. మీ ఆడిటర్ గారు ఇంకా పాత సెక్షన్ల పేర్లతోనే మాట్లాడితే కంగారు పడకండి. 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి మాత్రం పాత చట్టమే.

2. షాపు అద్దె మీద జీఎస్టీ: దీని దగ్గర కాస్త ఆగండి

చాలామందికి తెలియకుండానే బాకీ పేరుకుపోయిన చోటు ఇదే. 2024 అక్టోబరు 10 నుంచి నిబంధన ఏమిటంటే, షాపు, గోడౌన్, ఆఫీసు లాంటి వాణిజ్య స్థలాన్ని జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని యజమాని, రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి అద్దెకిస్తే, ఆ అద్దె మీద 18 శాతం జీఎస్టీని అద్దెదారే రివర్స్ ఛార్జ్ కింద, అంటే ఆర్‌సీఎం కింద కట్టాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో) ఉన్నవాళ్లను 2025 జనవరి 16 నుంచి దీన్నుంచి తప్పించారు. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు మాత్రం తప్పదు.

మన దగ్గర దీనికి చిక్కుకునే తీరు ఒకటుంది. బిల్డింగు నాన్నగారి పేరు మీద, షాపు కొడుకు పేరు మీద. నాన్నగారికి వచ్చే అద్దె ఏడాదికి 20 లక్షలు దాటదు కాబట్టి ఆయనకు జీఎస్టీ లేదు. కొడుకుకి ఉంది. నెలనెలా 40,000 అద్దె తండ్రి ఖాతాలో వేస్తూ పుస్తకాల్లో ఖర్చు రాసుకుంటాడు. ఇంట్లోవాళ్లే కదా అని జీఎస్టీ సంగతి ఎవరికీ తట్టదు. కానీ నెలకు 7,200 ఆర్‌సీఎం కట్టాల్సిందే. లాభనష్టాల ఖాతాలో అద్దె అని కనిపించి, జీఎస్టీ కట్టేటప్పుడు వేసే 3బీ రిటర్న్‌లో ఆర్‌సీఎం గడి ఖాళీగా ఉంటే అధికారికి దొరికే మొదటి తేడా అదే.

చేయాల్సింది ఇది. మీరు కట్టే అద్దెకు మీ పేరు మీద మీరే ఒక ఇన్‌వాయిస్ రాసుకోవాలి (సెల్ఫ్ ఇన్‌వాయిస్), అదీ 30 రోజుల్లోపు. ఆ పన్నును జీఎస్టీఆర్-3బీలో 3.1(డీ) దగ్గర చూపించి నగదు లెడ్జర్ నుంచే కట్టాలి, ఉన్న ఇన్‌పుట్ క్రెడిట్‌తో (కొనుగోళ్ల మీద ఇదివరకే కట్టిన, మన పన్నులోంచి తగ్గించుకోగల జీఎస్టీతో) సర్దుబాటు కుదరదు. కట్టాక అదే మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అంటే బట్టల షాపు, హార్డ్‌వేర్ షాపు లాంటివాళ్లకు చివరికి జేబులోంచి పోయేదేమీ లేదు, కాస్త పని పెరుగుతుంది అంతే. ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా 5 శాతం పన్ను కట్టే హోటళ్లకు మాత్రం ఈ 18 శాతం నిజంగా ఖర్చే. టిఫిన్ సెంటరుకు కొత్త చోటు చూసుకునేవాళ్లు అద్దె 50,000 అనగానే 59,000 అని లెక్కేసుకుని బేరమాడాలి.

అగ్రిమెంటు కొత్తగా రాసుకునేటప్పుడు ఈ ముక్క పెట్టించండి: "అద్దె నెలకు 40,000 రూపాయలు. చట్టప్రకారం వర్తించే జీఎస్టీ దీనికి అదనం. యజమానికి రిజిస్ట్రేషన్ లేనంతకాలం రివర్స్ ఛార్జ్ కింద ఆ పన్ను అద్దెదారుడే చెల్లించాలి. యజమాని రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఆ నెల నుంచి పన్ను ఇన్‌వాయిస్ ఇవ్వాలి." ఈ నాలుగు వాక్యాలు లేకపోవడం వల్ల, రెండేళ్ల తర్వాత ఈ పన్ను అద్దెలో కలిసి ఉందా లేదా అని కొట్లాడుకుంటున్నవాళ్లు ఎందరో.

ఇల్లు అద్దెకిస్తే? రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి దాన్ని స్టాఫ్ కోసమో ఆఫీసు కోసమో వ్యాపారం తరఫున తీసుకుంటే 2022 జులై 18 నుంచి అక్కడా ఆర్‌సీఎం ఉంది. సొంత కుటుంబంతో ఉండటానికి వ్యక్తిగతంగా తీసుకుంటే లేదు.

ఇంకోమాట, రిజిస్ట్రేషన్ పరిమితి గురించి. సేవలకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. విజయవాడలో ఉన్న బావమరిది మాట విని ఖమ్మంలో 40 లక్షల దాకా ఆగితే మునుగుతారు.

3. అద్దె మీద టీడీఎస్: ఎవరు, ఎంత

ఇది జీఎస్టీకి వేరే, రెండూ కలపకండి.

మామూలు ఉద్యోగి, లేదా వ్యాపారం కోటి లోపు (వృత్తిదారైతే 50 లక్షల లోపు) ఉన్న వ్యక్తి, నెలకు 50,000 దాటి అద్దె కడుతుంటే 2 శాతం కట్ చేయాలి. 2024 అక్టోబరుకు ముందు ఇది 5 శాతం. నెలనెలా అక్కర్లేదు, ఆర్థిక సంవత్సరం చివరి నెలలో గానీ మధ్యలో ఖాళీ చేస్తే ఆ నెలలో గానీ ఒక్కసారి చాలు. నెలకు 60,000 చొప్పున ఏడాదంతా ఉంటే 7,20,000 మీద 14,400. దీనికి టాన్ నంబరు (టీడీఎస్ కట్ చేసేవాళ్లు తీసుకునే నంబరు) అక్కర్లేదు, మీ పాన్, యజమాని పాన్ ఉంటే సరిపోతుంది. యజమాని పాన్ ఇవ్వనంటే 20 శాతం, కాకపోతే చివరి నెల అద్దెకు మించకుండా. హైదరాబాద్‌లో పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండే ఐటీ ఉద్యోగులు చాలామంది హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) క్లెయిమ్ చేసి, టీడీఎస్ మాట మరిచిపోయి నోటీసు అందుకుంటున్నారు. హెచ్‌ఆర్‌ఏ రసీదులోని అంకెను చూసే శాఖవాళ్లు పట్టుకుంటున్నారని గుర్తుంచుకోండి.

కంపెనీలు, సంస్థలు, ముందు ఏడాది కోటి దాటిన వ్యాపారులు భవనం అద్దె మీద 10 శాతం కట్ చేయాలి. 2025 ఏప్రిల్ నుంచి పరిమితిని ఏడాదికి 2,40,000 నుంచి నెలకు 50,000కు పెంచారు కాబట్టి చిన్న షాపులు అద్దెకిచ్చినవాళ్లలో చాలామందికి ఊరట. 30,000 అద్దెకు ఇంకా టీడీఎస్ కట్ చేస్తున్నారంటే అద్దెదారు పాత అలవాటులోనే ఉన్నారు, అడగండి.

యజమాని ఎన్నారై అయితే ఈ పరిమితులేవీ వర్తించవు. అద్దె 15,000 అయినా సెస్సుతో కలిపి 31.2 శాతం కట్ చేయాలి, టాన్ తీసుకోవాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి. "మా అబ్బాయి పేరు మీద ఫ్లాట్ అండీ, అద్దె నా ఖాతాలో వేసేయండి" అని పెద్దాయన అంటే, ముందు ఆ అబ్బాయి ఎక్కడ ఉంటున్నాడో అడగండి. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడితే తర్వాత వచ్చే వడ్డీ, జరిమానా మీ నెత్తినే.

4. ఇంటి యజమాని లెక్క

ఇళ్లు అద్దెకిచ్చి వచ్చే డబ్బును వ్యాపార ఆదాయంగా చూపించి, వాచ్‌మన్ జీతం, పెయింటింగ్, తరుగుదల అన్నీ ఖర్చు రాసుకునే దారిని 2024 బడ్జెట్ మూసేసింది. ఇప్పుడు ఇంటి అద్దె ఇంటి ఆదాయం కిందే. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన మున్సిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం తగ్గిస్తారు, నిజంగా ఎంత ఖర్చయినా సరే. నెలకు 15,000 వస్తే ఏడాదికి 1,80,000; ఇంటి పన్ను 10,000 కడితే 1,70,000; అందులో 70 శాతం, అంటే 1,19,000 మీ ఆదాయం. ఇంటి పన్ను కట్టిన ఏడాదే తగ్గింపు దొరుకుతుంది, బకాయి పెడితే లేదు.

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్నది నిజమే. కానీ స్థలం అమ్మిన దీర్ఘకాలిక లాభానికి ఆ రిబేటు వర్తించదు. "నాకు వేరే ఆదాయమే లేదు, ఎనిమిది లక్షల లాభమే కదా" అనుకుని ఊరుకునేవాళ్లు జాగ్రత్తపడాలి.

5. ఆస్తి అమ్మేటప్పుడు రెండు లెక్కలూ వేయండి

2024 జులై 23 నుంచి రెండేళ్లు దాటి ఉంచుకున్న స్థలం, ఇల్లు అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేదు. గొడవ జరిగాక, ఆ తేదీకి ముందు కొన్న ఆస్తులకు మన దేశంలో ఉండే వ్యక్తులు, హెచ్‌యూఎఫ్‌లు (హిందూ అవిభక్త కుటుంబాలు) పాత పద్ధతిలో (ఇండెక్సేషన్‌తో 20 శాతం) ఎంతవుతుందో చూసుకుని, ఏది తక్కువైతే అది కట్టే వీలిచ్చారు. ఏది తక్కువన్నది ఆస్తి ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది, అందరికీ ఒకే జవాబు లేదు.

2012-13లో 30 లక్షలకు కొన్న ఫ్లాట్‌ను 2025-26లో 80 లక్షలకు అమ్మారనుకోండి. ఇండెక్సేషన్‌కు వాడే ప్రభుత్వ సూచీ 200 నుంచి 376కు పెరిగింది కాబట్టి కొన్న ధర 56.4 లక్షలవుతుంది, లాభం 23.6 లక్షలు, 20 శాతం అంటే 4.72 లక్షలు. కొత్త లెక్కలో లాభం 50 లక్షలు, 12.5 శాతం అంటే 6.25 లక్షలు. పాత లెక్కే మేలు. ఇప్పుడు 2005-06లో 5 లక్షలకు కొన్న ప్లాటు, కోటికి అమ్మారు. సూచీ 117 నుంచి 376. కొన్న ధర సుమారు 16.07 లక్షలు, లాభం 83.93 లక్షలు, పన్ను దాదాపు 16.79 లక్షలు. కొత్త లెక్కలో 95 లక్షల మీద 11.87 లక్షలు. ఐదు లక్షల తేడా! ఊరి చివర ప్లాట్లు కొని పదింతలు, ఇరవై ఇంతలు చూసినవాళ్లకు కొత్త రేటే లాభం, నెమ్మదిగా పెరిగిన అపార్టుమెంట్లకు పాతది.

తాతల నాటి భూమి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, కాకపోతే ఆ రోజు ప్రభుత్వ విలువకు మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ నాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి, అమ్మాక పరుగెత్తితే టెన్షన్. నిజమైన పల్లెటూరి వ్యవసాయ భూమికి అసలు ఈ పన్నే లేదు. పట్టణ జనాభాను బట్టి హద్దు నుంచి 2, 6, 8 కిలోమీటర్ల దూరం లెక్క ఉంటుంది, తహశీల్దార్ నుంచి దూరం ధ్రువపత్రం తీసుకుంటే మాట మిగలదు.

కొనేవాళ్లకు: 50 లక్షలు, ఆపైన ఆస్తికి 1 శాతం టీడీఎస్, అదీ దస్తావేజు ధర, ప్రభుత్వ విలువ రెండిట్లో ఎక్కువున్న దాని మీద. భార్యాభర్తలు చెరో 40 లక్షలు పెట్టి కొన్నాం కాబట్టి పరిమితి లోపే అంటే చెల్లదు, 2024 అక్టోబరు నుంచి మొత్తం కలిపే చూస్తారు. అడ్వాన్స్ 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా.

అమ్మేది ఎన్నారై అయితే 1 శాతం కాదు. ఇండెక్సేషన్ ఎంపిక వాళ్లకు లేదు, 12.5 శాతానికి సర్‌చార్జి, సెస్సు కలిపి, 80 లక్షల ఆస్తికి 14.3 శాతం దాకా వెళ్తుంది, అదీ మామూలుగా మొత్తం ధర మీద. లాభం తక్కువే అయితే ఎన్నారై గారు ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. కాబట్టి అగ్రిమెంటు గడువు ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా ఉండేలా రాసుకోండి. డాలస్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చి ఫ్లాట్ అమ్మేసి వెళ్దామనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు, వాళ్ల తొందర చూసి 1 శాతమే కట్ చేసిన కొనుగోలుదారు మిగిలిన పన్ను, వడ్డీ తనే కట్టుకుంటాడు.

6. జీతాలు: బేసిక్ తగ్గించే ఉపాయం ఇక పనిచేయదు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పాత 29 చట్టాలు వాటిలో కలిసిపోయాయి. రాష్ట్రాల నిబంధనలు కూడా ఉంటాయి కాబట్టి ఫారాలు, రిజిస్టర్ల సంగతి లేబర్ ఆఫీసులో కనుక్కోండి. అసలు మార్పు మాత్రం "వేతనం" అంటే ఏమిటన్నది.

హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్, ఓవర్‌టైం, కమిషన్ లాంటివి వేతనంలోకి రావు. కానీ అలా తీసేసినవన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం తిరిగి వేతనంలో కలుస్తుంది. స్పెషల్ అలవెన్స్ ఆ మినహాయింపుల జాబితాలోనే లేదు, అది నేరుగా వేతనమే. ఒక పేస్లిప్ చూద్దాం. మొత్తం 24,000, బేసిక్ 8,000, హెచ్‌ఆర్‌ఏ 9,000, కన్వేయన్స్ 7,000. తీసేసినవి 16,000, సగం అంటే 12,000, మిగులు 4,000 వెనక్కి వచ్చి వేతనం 12,000 అవుతుంది. పదేళ్లు చేసిన మనిషికి గ్రాట్యుటీ 8,000 మీద అయితే 46,154, ఇప్పుడు 12,000 మీద 69,231. నా అభిప్రాయం చెప్తాను, ఇది న్యాయమైన మార్పే. పదేళ్లు షాపు తాళాలు నమ్మి ఇచ్చిన మనిషికి చివర్లో అలవెన్సుల పేరుతో కోత పెట్టడం మంచి పద్ధతి కాదు.

పీఎఫ్ భయం ఎక్కువ పెట్టుకోకండి. 15,000 పరిమితి మీదే కడుతున్నవాళ్లకు చేతికొచ్చే జీతం తగ్గాల్సిన పనిలేదు. పైన చెప్పిన పేస్లిప్‌లో 8,000 మీద కట్టేది 12,000 మీద కట్టాల్సి వస్తుంది, ఆ తేడా మాత్రం ముందే పనివాళ్లకు కూర్చోబెట్టి చెప్పండి.

ఇంకా చేయాల్సినవి: అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వండి, పాతవాళ్లకు కూడా. తెలుగులో ఒక పేజీ చాలు: పేరు, చేరిన తేదీ, పని, వేతనం ఎంత, అలవెన్సులు ఎంత, సెలవులు. నెల జీతం తర్వాతి నెల 7లోపు పడాలి. ఎవరైనా మానేసినా మాన్పించినా రెండు పనిదినాల్లో రావాల్సిన వేతనం సెటిల్ చేయాలి, "వచ్చే నెల అకౌంటెంట్ వచ్చాక చూద్దాం" అనే మాట ఇక కుదరదు, అందుకే అడ్వాన్సులు, సెలవుల లెక్క ఏ నెలకానెల రాసుకోండి. ఓవర్‌టైంకు రెట్టింపు. ఏడాది కాంట్రాక్టు మీద ఫిక్స్‌డ్ టర్మ్‌లో తీసుకున్నవాళ్లకు ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్లు అక్కర్లేదు. మామూలు ఉద్యోగులకు ఐదేళ్ల నిబంధన అలాగే ఉంది.

పదిమంది, ఆపైన ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది, ఆపైన ఉంటే పీఎఫ్ అన్న పాత లెక్కలు కొనసాగుతున్నాయి. వృత్తి పన్ను రెండు రాష్ట్రాల్లోనూ 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200.

7. సరుకు తెచ్చుకున్నచోట బాకీ

సిరిసిల్లలోనో మంగళగిరిలోనో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్ర ప్రభుత్వం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు) ఉన్న చిన్న తయారీ యూనిట్ నుంచి బట్ట తెచ్చుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి మార్చి 31కి బాకీ మిగిలితే ఆ ఖర్చు ఆ ఏడాది ఒప్పుకోరు, కట్టిన ఏడాదే తగ్గింపు. ఫిబ్రవరి చివర్లో సరఫరాదారుల జాబితా తీసి ఎవరెవరికి ఉద్యమ్ ఉందో గుర్తు పెట్టుకోండి. కేవలం కొని అమ్మే వ్యాపారులకు కట్టాల్సిన బాకీకి ఇది వర్తించదు.

8. ఇప్పటికే తప్పిపోయి ఉంటే

నోటీసు రాకముందే సరిచేసుకోవడం ఎప్పుడూ చవక. టీడీఎస్ కట్ చేయకపోతే నెలకు 1 శాతం, కట్ చేసి కట్టకపోతే 1.5 శాతం వడ్డీ. షాపు అద్దె ఆర్‌సీఎం 2024 అక్టోబరు 10 నుంచి కట్టకుండా ఉంటే, నెలవారీగా అద్దె రాసుకుని పన్ను లెక్కకట్టి, ఏడాదికి 18 శాతం వడ్డీతో కట్టేయండి. అప్పుడు రాయని సెల్ఫ్ ఇన్‌వాయిస్‌ను ఇప్పుడు రాస్తే, ఆ ఇన్‌వాయిస్ రాసిన ఆర్థిక సంవత్సరాన్ని బట్టే ఇన్‌పుట్ క్రెడిట్ గడువు లెక్కిస్తామని 2024 జూన్ సర్క్యులర్‌లో స్పష్టం చేశారు, కాబట్టి పన్ను భాగం చాలామందికి తిరిగి వచ్చేస్తుంది, పోయేది వడ్డీ, ఆలస్యానికి ఏమైనా జరిమానా వేస్తే అది. ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అద్దె పడిన ప్రతి ఎంట్రీకీ గుర్తు పెట్టి తీసుకెళ్లండి, సగం పని అక్కడే అయిపోతుంది.